వంగి దండం పెట్టే బాతు

సెప్టెంబరు 4, గురువారం

ఇవాళ ప్రాక్టీసులో మోకాలు రెండుసార్లు మాట్లాడింది. నేను జవాబివ్వలేదు. ఓగుషి కోచ్ గారు మాత్రం వదల్లేదు. "ఏంటి ఇగరాషీ, కుంటుతున్నావ్?" అన్నారు.

"కడుపునొప్పండీ" అన్నాను.

ఈ సీజన్‌లో మోకాలు వాచినప్పుడల్లా నాకు కడుపునొప్పే వస్తోంది. రోజూ పెరుగు తినమని ఆయనే చెప్పారు. తింటున్నాను. మోకాలికి గుణం కనిపించలేదు.

ఆదివారం కూడా బెంచీ మీదేనట. మిడ్‌ఫీల్డులో నా చోటు ఇప్పుడు హిబారిది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, గాలిలా పరిగెడుతుంది, ఎక్కడికి పరిగెడుతోందో దానికే తెలియదు. నేను అసూయ పడటం లేదు. ఇవాళ అది పదకొండు తప్పుడు పాసులిచ్చింది. ఊరికే కంటబడ్డాయి.

అక్టోబరు చివర్లో కోచ్ గారు ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, వచ్చే ఏడాది ఉంచుకునేదీ లేనిదీ చెబుతారు. ముప్పై మూడేళ్ళ దాన్ని, బెంచీ మీదున్న దాన్ని. అయినా నాకేం భయం లేదు. భయం లేదని ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకుంటే మంచిదని ఈ డైరీ కొన్నాను.

ఇంటికొచ్చేసరికి చెప్పుల బీరువా మీద పెద్ద మిఠాయి డబ్బా ఉంది. చిక్కుడు పూర్ణం పెట్టిన మంజూలు, విడివిడిగా కాగితాల్లో చుట్టినవి. ఒక్కో కాగితం మీదా వంగి దండం పెడుతున్న చిన్న బాతు. ముద్దొచ్చింది. డబ్బా తెచ్చింది కనోకో, మా గోల్‌కీపరు. ఇక్కడ నన్ను ఇంటిపేరుతో కాక నవో అని పిలిచేది అదొక్కతే. ఇద్దరం ఒకే ఏడు ఇసోమి ఊరి ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టులో చేరాం, అప్పటినుంచీ ఒకే ఇంట్లో ఉంటున్నాం. పోయిన వారం వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళొచ్చింది.

"ఎవరికే ఇవి?" అన్నాను.

దాని తల ఫ్రిజ్‌లో ఉంది. "ఎవరికో ఒకరికి."

"ఇంట్లో ఉంటే నేనే మింగేస్తాను. రేపు ఫ్యాక్టరీలో, క్లబ్బులో పంచెయ్యనా?"

చాలాసేపు ఫ్రిజ్ తలుపు మూయలేదు. "పంచెయ్" అంది చివరికి.

తర్వాత పచ్చడి సీసా మూత నాచేత తీయించింది. ఈ మధ్య అన్ని మూతలూ నేనే తీస్తున్నాను. గోల్‌కీపర్ చేతుల కన్నా నా చేతులే గట్టివట. నిజమే మరి.

సెప్టెంబరు 5, శుక్రవారం

మిఠాయి పంచాను. జనం వింతగా ఉన్నారు.

జట్టులో సగం మందిమి పగలు కురాహషి గారి కామబోకో ఫ్యాక్టరీలో పనిచేస్తాం. రుబ్బిన చేప ముద్దను చెక్కల మీద ఎక్కించి ఆవిరికి పంపడం పని. సాయంత్రం బంతి. ఫ్యాక్టరీ డబ్బుతోనే జట్టు నడుస్తుంది కాబట్టి మేం ఎక్కడికెళ్ళినా కాస్త చేప వాసన వస్తాం.

రెండు చేతులతో డబ్బా పట్టుకుని, ఒక్కొక్కరి ముందూ వంగి, "ఎప్పుడూ మీకు శ్రమ ఇస్తూనే ఉన్నాను" అంటూ ఇచ్చాను. మర్యాదకి అనే మాటే. నా పక్కన పనిచేసే టోమియె పిన్ని మిషను ఆపేసింది. అరవై ఏళ్ళ మనిషి, మా అభిమానుల సంఘంలో పెద్ద డప్పు ఆవిడదే. రెఫరీని తిట్టడం తప్ప వేరే భావం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ కళ్ళు తుడుచుకుంది.

"ఏమైంది పిన్నీ?"

"ఆవిరి" అంది. ఆవిరి అటువైపు ఉంది.

హిబారి మంజూ నోట్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చిక్కుడు పడదేమో. కోచ్ గారు నాకన్నా కిందికి వంగి తీసుకున్నారు. ఆయన నడుం అంత వంగుతుందని ఎవరికీ తెలియదు.

కనోకోకి కూడా ఒకటిచ్చాను, ఎంతైనా జట్టు మనిషే కదా. తినలేదు. గ్లౌజుల సంచిలో పెట్టుకుంది.

సెప్టెంబరు 7, ఆదివారం

మొదటి పదకొండు మందిలో నా పేరు! మ్యాచ్ మొత్తం ఆడాను. గెలిచాం. తెలివి ఆలస్యంగానైనా వస్తుంది, కోచ్‌లకు కూడా.

సెప్టెంబరు 10, బుధవారం

నన్ను కెప్టెన్ చేస్తున్నారు. ఇంకా ఎవరూ చెప్పలేదు గానీ లెక్క అక్కడికే తేలుతోంది. నన్ను చూడగానే మాటలు ఆపేస్తారు. బంతులు మోయనివ్వరు. నిన్న కురాహషి గారు తన కారులో ఇంటి దగ్గర దింపి, దారిపొడుగునా నిట్టూర్చారు. పెద్ద బాధ్యత కదా, ఆయనకు నా మీద జాలి వేసి ఉంటుంది.

కెప్టెన్‌గా చేయాల్సిన ప్రసంగం స్నానాల తొట్టిలో కూర్చుని అభ్యాసం చేశాను. కనోకో బయటినుంచి తలుపు కొట్టి, "ఎవరితోనే ఆ అరుపులు?" అంది.

సెప్టెంబరు 14, ఆదివారం

గోల్ కొట్టాను. ముప్పై మీటర్ల నుంచి. హిబారికి పాసు ఇవ్వబోతే గాలికి వంకర తిరిగి లోపలికి వెళ్ళిందని కొందరు అనుకుంటున్నారు. అది షాటే.

సెప్టెంబరు 17, బుధవారం

కురాహషి గారు ఫ్యాక్టరీకి వచ్చి, "గులాబీ రంగా, తెలుపా, నీకేది ఇష్టం?" అని అడిగారు. గులాబీ అన్నాను. తలూపి వెళ్ళిపోయారు. కెప్టెన్ చేతిపట్టీ అయ్యుంటుంది.

అది షాటే.

సెప్టెంబరు 24, బుధవారం

నేను రిటైరవుతున్నానట.

సెప్టెంబరు 25, గురువారం

నిన్న చెయ్యి ఆడలేదు, ఇవాళ రాస్తున్నాను. మధ్యాహ్నం భోజనం దగ్గర టోమియె పిన్ని అడిగింది.

"ఏమే, ఆఖరి మ్యాచ్‌కి మీ అమ్మా నాన్నా వస్తున్నారా? ముందు వరసలో కుర్చీలు ఆపి ఉంచా."

"సీజన్‌లో ఆఖరి మ్యాచ్‌కి వాళ్ళెందుకు పిన్నీ?"

"సీజన్‌ది కాదే. నీ ఆఖరి మ్యాచ్."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నేను మానేస్తున్నానని ఎవరు చెప్పారు?"

"నువ్వే కదే! ఊరెళ్ళి రాలేదు, పండగా కాదు. డబ్బా పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగి, శ్రమ ఇచ్చానంటూ మిఠాయి పంచావ్. ఉద్యోగం మానేసేవాళ్ళు కాక ఇంకెవరు పంచుతారే అలా? పైగా ఆ బాతొకటి! స్టేషన్ దగ్గర ఆ బాతు మిఠాయి అమ్మేదే మానేసేవాళ్ళ కోసం."

"మరి నన్ను ఒక్కరైనా అడగలేదేం?"

"అడుగుతారా ఎవరైనా? అడిగితే నీకు బాధ కాదూ?" అని నా భుజం తట్టింది. "అయినా చివరి నెలే కదా, పిల్లని తృప్తిగా ఆడనివ్వండని మేమంతా వెళ్ళి కోచ్‌కి చెప్పాం. పాపం, వెంటనే ఒప్పుకున్నాడు."

లేదు పిన్నీ, నేను మానడం లేదు, అని చెప్పడానికే నోరు తెరిచాను. చెబితే ఆదివారం మళ్ళీ బెంచీ. తెరిచిన నోట్లో అన్నం ముద్ద పెట్టుకున్నాను.

ఆదివారం మ్యాచ్ అవ్వగానే చెప్పేస్తాను.

సెప్టెంబరు 28, ఆదివారం

గెలిచాం. ఇంత సంతోషంలో చెప్పడం బాగోదు. వచ్చే ఆదివారం అవ్వగానే చెప్పేస్తాను.

అక్టోబరు 1, బుధవారం

హిబారి ఇంటికొచ్చింది. ఆఖరి మ్యాచ్ తర్వాత పెద్ద తెర మీద వేయడానికి నా జీవితం గురించి వీడియో చేస్తోందట.

"అక్కా, మీరు మొదట బంతి ఎప్పుడు తన్నారు?"

"ఎనిమిదేళ్ళప్పుడు. మగపిల్లల జట్టులో. నేను పాసిస్తే ఎవడూ తీసుకునేవాడు కాదు. అందుకని వాళ్ళ కాళ్ళకే కొట్టి, తిరిగొచ్చింది నేనే తీసుకునేదాన్ని."

"జాతీయ జట్టుకి కూడా ఆడారు కదా?"

"నాలుగు నిమిషాలు. బంతి నన్ను రెండుసార్లు తాకింది. ఒకసారి వీపుకి."

హిబారి అన్నీ భక్తిగా రాసుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మీ పక్కన ఆడాకే నాకు ఎటు పరిగెత్తాలో తెలుస్తోందక్కా. మీరు వెళ్ళిపోతే ఎలా?" అని మళ్ళీ ఏడుపు.

అదేమిటో, ఈ నెల నేను బాగా ఆడుతున్నాను. డబ్బా కొట్టుకోవడం కాదు. ఎలాగూ పోయేదే అని ఎవరూ నన్ను తిట్టరు, నాకూ కంగారు ఉండదు. తల ఎత్తితే మైదానమంతా కనిపిస్తోంది. ఇరవై ఏళ్ళప్పుడు కూడా ఇలా కనిపించలేదు. ఇప్పుడు మానమంటే చచ్చినా మానను. ఆ మాటే ఎవరికీ చెప్పలేకుండా ఉన్నాను.

కనోకో రోజూ నా బూట్లు కడుగుతోంది. అడగకుండానే. నేను మానడం లేదని దానికి తెలుసు కదా, మరి ఎందుకో.

అక్టోబరు 5, ఆదివారం

గెలిచాం. వచ్చే ఆదివారం.

అక్టోబరు 8, బుధవారం

ఇక కుదరదు. కురాహషి గారు నన్ను ఆఫీసుకు పిలిచి, తెల్లటి కామబోకో దిమ్మ ఒకటి చెక్క మీద పెట్టి కోశారు. ముక్క మధ్యలో గులాబీ రంగులో 8. మరో ముక్క కోశారు. అందులోనూ 8. ఎక్కడ కోసినా నా జెర్సీ నంబరే.

"నలభై ఏళ్ళుగా చేప రుబ్బుతున్నాను, లోపల అంకె నిలబెట్టడం ఇదే మొదటిసారి" అన్నారాయన. "మొదట్లో పదిసార్లు పొట్లకాయలా వచ్చింది. వచ్చినవాళ్ళందరికీ ఒక్కో ముక్క. మూడు వేలు చేయిస్తున్నా."

మా మ్యాచ్‌కి మూడు వేల మంది ఏనాడూ రాలేదని చెప్పాలనిపించింది. ఇంకొకటి కూడా చెప్పాలనిపించింది. "రుచిగా ఉందండీ" అని చెప్పి వచ్చాను.

బయట టోమియె పిన్ని వాళ్ళు పెద్ద గుడ్డ పరిచి రంగు వేస్తున్నారు. పెద్ద 8, కింద ఇన్నాళ్ళకూ ధన్యవాదాలు అని. దాని చుట్టూ తిరిగి దొడ్డిదారిన ఇంటికొచ్చాను.

అక్టోబరు 10, శుక్రవారం

కనోకోని నిలదీశాను.

"అందరూ నన్ను సాగనంపుతుంటే నువ్వైనా కాదని చెప్పొచ్చు కదే! నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా?"

గ్లౌజులు కుట్టుకుంటోంది. తల ఎత్తలేదు. "ఆ డబ్బా నాది" అంది.

"నీదే. నువ్వేగా తెచ్చావ్."

"నేను పంచడానికి తెచ్చుకున్నా నవో. మానేసేది నేను."

కుడి చెయ్యి చాపింది. రెండు వేళ్ళు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. పిడికిలి పడదు. వసంతకాలం నుంచీ పడటం లేదట. పచ్చడి సీసాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. నా చేతులే గట్టివని మురిసిపోయిన దద్దమ్మని నేను.

"అమ్మకి చెప్పి వచ్చా, మిఠాయి కొన్నా, రేపు పంచాలనుకున్నా. కాళ్ళాడలేదు. ఇంతలో నువ్వొచ్చి పంచనా అన్నావ్. సరే, నీ చేతిమీదుగా పోనీ, ఏమవుతుందో పక్కనుంచి చూద్దామనుకున్నా." దారం కొరికి, "హిబారి బాగా ఏడ్చింది కదూ? నా కోసమైతే అంత ఏడ్చేది కాదేమో" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతికందిన పెరుగు డబ్బా విసిరాను. అది పట్టుకుంది. ఎడమ చేత్తో, చూడకుండా. అంత కోపంలోనూ బాగా పట్టిందనుకున్నాను. మిఠాయి గురించి కాదు నా కోపం. నాకు చెప్పకుండా వెళ్ళాలనుకుంది. పన్నెండేళ్ళు నా వెనకాల గోల్‌లో నిలబడి, "ఎడమ! ఎడమ చూసుకో, గుడ్డిదానా!" అని అరిచిన మనిషి.

"ఆ ఉత్సవమేదో నీ పేరనే కానిచ్చెయ్" అంది. "నాకు మైకులంటే పడదు."

"నేను మానడం లేదే!"

"అది కూడా అక్కడే చెప్పెయ్."

పడుకునే ముందు ఇద్దరం కాసేపు ఏడ్చాం. ముందు మొదలెట్టింది అదే.

అక్టోబరు 12, ఆదివారం

గెలిచాం. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇక మిగిలింది ఆఖరిదే.

అక్టోబరు 19, ఆదివారం

వరసగా రాయాలి, లేకపోతే నేనే నమ్మను.

ఒకటి-సున్నాతో గెలిచాం. గోల్ హిబారిది, నేనిచ్చిన పాసుకి. చివర్లో వాళ్ళ షాటు ఒకటి మూలకు పోతుంటే కనోకో గాల్లోకి లేచి పిడికిలితో కొట్టింది. పిడికిలి పడదు కదా, ఎలా కొట్టిందని తర్వాత అడిగితే, "మణికట్టుతో. అదృష్టం. ఎవరికీ చెప్పకు" అంది. డైరీకి చెబితే చెప్పినట్టు కాదు.

ఆట అయ్యాక నన్ను మైదానం మధ్యలో నిలబెట్టారు. పూలగుత్తి ఇచ్చారు. స్టాండులో పెద్ద గుడ్డ విప్పారు. వచ్చినవాళ్ళంతా చేతుల్లో కామబోకో ముక్కలతో లేచి నిలబడ్డారు. తెర మీద హిబారి వీడియో మొదలైంది. నేను పరిగెత్తడం, నేను పడటం, నేను రెఫరీతో వాదించడం. ఒక బొమ్మ తర్వాత ఒక బొమ్మ చూస్తుంటే తెలిసింది. ప్రతిదానిలోనూ నా వెనకాల, దూరంగా, గోల్ ముందు చీమంత కనోకో ఉంది. చేతులు ఊపుతూ అరుస్తూనే ఉంది.

మైకు నా చేతికొచ్చింది. తొట్టిలో అభ్యాసం చేసిన కెప్టెన్ ప్రసంగం తప్ప ఒక్క ముక్క గుర్తులేదు.

"క్షమించండి" అన్నాను. "నేను మానడం లేదు."

టోమియె పిన్ని చేతిలోంచి డప్పు కర్ర జారి మెట్ల మీద టకటకా దొర్లుతూ కింద దాకా వచ్చింది. కురాహషి గారి గొంతు ఒక్కటే వినిపించింది. "మరి మూడు వేల..."

"ఆ మిఠాయి నాది కాదు. కనోకోది. మానేసేది తను. నేను తెలియక పంచాను. తెలిశాక కూడా చెప్పలేదు, చెబితే కోచ్ గారు నన్ను ఆడించరని. మీ కన్నీళ్ళు నెలరోజులు వాడుకున్నాను. దయచేసి అవి తీసుకెళ్ళి ఆవిడకివ్వండి."

కనోకో అప్పటికే డ్రెస్సింగ్ రూం వైపు నడుస్తోంది. హిబారి పరిగెత్తింది. ఈసారి ఎటు పరిగెత్తాలో దానికి స్పష్టంగా తెలుసు. నడుం పట్టుకుని లాక్కొచ్చింది. "తెర చూడలేదా మీరంతా? వెనకాల ఉన్నది కనోకో అక్కే!" అని అరుస్తూ.

ముందుగా కదిలింది టోమియె పిన్నే. డప్పుకి చుట్టే నల్ల టేపు తీసి, గుడ్డ దగ్గరికెళ్ళి, 8కి ముందు నిలువుగా ఒక గీత అతికించింది.

18. కనోకో జెర్సీ నంబరు. జట్టులో మూడో గోల్‌కీపరుగా చేరినప్పుడు ఇచ్చారు, మొదటి కీపరైనా మార్చుకోలేదు.

కురాహషి గారు కుర్చీ ఎక్కారు. "చాప్‌స్టిక్! ముక్క పక్కన చాప్‌స్టిక్ నిలబెట్టండి! ఎడమ పక్క! ఎడమ పక్కనయ్యా, నువ్వు పెట్టింది ఎనభై ఒకటి!"

అందరూ భోజనాల పెట్టెల్లోంచి పుల్లలు తీసి పట్టుకున్నారు. స్టాండంతా వంకర టింకర పద్దెనిమిదులు. ఇంత అందమైన దృశ్యం నేనింకోటి చూడలేదు. ఎగతాళిగా రాయడం లేదు.

కనోకో మైకు పుచ్చుకుంది. "ఇన్నాళ్ళూ శ్రమ ఇచ్చాను" అంది. "మిఠాయి ఇదివరకే అందింది కదా" అని కిందికి, బాతులాగా, వంగింది.

హిబారి ఏడ్చింది. నా కోసం ఏడ్చినదానికన్నా ఎక్కువే ఏడ్చింది. నేను అసూయ పడటం లేదు.

అక్టోబరు 28, మంగళవారం

కోచ్ గారి గది.

"కూర్చో" అన్నారు. "నీ కడుపునొప్పి ఏ కాలికి?"

ఇక దాచి లాభం లేదు. "ఎడమ కాలికండీ."

"ఏప్రిల్ నుంచే తెలుసు. పెరుగు తిను అంటే తింటున్నావు చూడు, అప్పుడు కొంచెం బెంగపడ్డాను." కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. "నిజం చెప్పాలంటే ఇగరాషీ, ఆ మిఠాయి తిన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. నిన్ను పిలిచి వద్దని చెప్పే పని నాకు తప్పిందని."

అంటే, అదే జరగబోయింది. భయం లేదని రాసుకున్నదంతా అబద్ధం. చాలా భయంగా ఉండేది. ఇప్పుడూ ఉంది.

"ఇప్పుడేమంటారు?"

"ఇప్పుడేమంటాను? నిన్ను మైదానంలోకి దింపినప్పటి నుంచీ ఓడలేదు. ఒక్క ఏడాది. సగం నువ్వు, సగం హిబారి. మోకాలు నొప్పైతే మోకాలని చెప్పాలి." సంతకం చేస్తూ అడిగారు. "ఆ ముప్పై మీటర్లది పాసు కదూ?"

"షాటేనండీ."

నవంబరు 16, ఆదివారం

కనోకో వెళ్ళిపోయింది. వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లలకి గోల్‌కీపింగ్ నేర్పుతుందట. సామానంతా చిన్న వ్యానులో సరిపోయింది. వెళ్ళే ముందు ఇంట్లో సీసాల మూతలన్నీ నన్ను తీసి, మళ్ళీ మెల్లగా పెట్టమంది. ఎందుకే అని అడిగితే, "ఊరికే. నువ్వు తీస్తుంటే ఇంకోసారి చూద్దామని" అంది.

చెప్పులు వేసుకుని, మళ్ళీ విప్పి, లోపలికొచ్చి నా ఎదురుగా నిలబడింది. గ్లౌజుల సంచిలోంచి ఒకటి తీసింది. బాతు మంజూ. ఆ రోజు నేనే ఇచ్చింది. కాగితం నలిగి బాతు మెడ వంకరైపోయింది.

"అందరికీ అందింది. నీకే నేను ఇవ్వలేదు" అంది. రెండు చేతులతో పట్టుకుని, వంగి, "ఇన్నాళ్ళూ నీకు శ్రమ ఇచ్చాను" అంది.

నేను కూడా వంగాను. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. అలాగే కాసేపు ఉండిపోయాం.

వ్యాను మలుపు తిరిగాక మెట్ల మీద కూర్చుని తిన్నాను. కామబోకో చెక్కలా ఉంది. పూర్ణం వింత వాసన వేసింది. మొత్తం తిన్నాను.

నవంబరు 18, మంగళవారం

రెండు రోజులుగా కడుపునొప్పి. లేవలేకపోతున్నాను. పొద్దున కోచ్ గారికి ఫోన్ చేసి, "ఇవాళ పరుగుకి రాలేనండీ, కడుపునొప్పి" అన్నాను. ఇన్నాళ్ళలో మొదటిసారి నిజం చెప్పాను.

"ఎడమదా, కుడిదా?" అన్నారు.